గంపలో కలవని గింజలు

అరకు,
7 మార్చి 1976.

చిరంజీవి కృపామణికి అత్త దీవెనలు.

మీ నాన్న భీమిలి నుంచి ఉత్తరం రాశాడు. నీకు పరీక్షలు ఏప్రిల్ నెలాఖరు దాకా ఉన్నాయట. అంటే ఈసారి ఈస్టరుకి నువ్వు లేనట్టే. పదేళ్ళ పిల్లప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు నువ్వు. సంగతి చెప్పగానే మన గుడి గంట కొట్టే బుధు మొహం వేలాడేశాడు. "మన గుంట రాదా? నాను నిచ్చెనెక్కి పైగోడకి సున్నం ఏత్తాను. మరి కిందగోడ ఎవులేత్తారు?" అన్నాడు. నేనున్నానుగా అంటే, "నీకు సగం గోడ అవుపడదు గదా అమ్మా" అని నవ్వాడు. నిజమే. నా కుడికన్ను మసక బాగా ముదిరింది.

సున్నం నానబెట్టాం. గుడి పెంకులు కోతులు చెడగొట్టాయి, వచ్చేవారం సర్దుతారు. ఇప్పపువ్వు రాలడం మొదలైంది. ఆదివారం బడి పిల్లలు సగం మంది చెట్ల కిందే ఉంటున్నారు. పాటలకి వస్తున్నారు కానీ ఒళ్ళంతా ఆ తీపి వాసనే.

ఇక అసలు సంగతి. సంఘానికి ఒక ప్రశ్న వచ్చింది. ఎగువూళ్ళో చైత్రంలో ఇటుకల పండగకి ఇంటింటి దగ్గరా గుప్పెడు విత్తనాలు అడిగి, అన్నీ ఒకే గంపలో కలుపుతారు కదా. పూజారి వాటిని వాళ్ళ దేవత ముందు పెట్టి, మళ్ళీ ఇంటింటికీ పంచుతాడు. ఆ గింజలు కలుపుకునే ఊరంతా విత్తుకుంటారు. మన సభ్యుల్లో ఒకరు వచ్చి, "సంఘంలో ఉన్న మనిషి ఆ గంపలో తన గుప్పెడు వెయ్యొచ్చా, కూడదా?" అని అడిగారు. ఇన్నాళ్ళూ వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు, మేం చూడనట్టు ఊరుకున్నాం. అడిగాక ఊరుకోకూడదు.

మనది కాంగ్రిగేషనల్ పద్ధతి. చెప్పడానికి పైన బిషప్పు లేడు. సభ్యులందరం కూర్చుని చెయ్యెత్తి తేల్చుకోవాల్సిందే. అడిగినవాళ్ళ పేరు సంఘపెద్ద పోలయ్యగారికీ, కార్యదర్శిని కాబట్టి నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. ముఖం చూసి చెయ్యెత్తకూడదని మీ తాత పెట్టిన నియమం. ఊళ్ళో లేని సభ్యులు రాసి పంపితే కూటంలో చదువుతాం. కిందటేడే నీకు సభ్యత్వం వచ్చింది కాబట్టి నువ్వూ నీ మాట రాసి పంపు. ఈ నెల ఇరవై ఎనిమిదిన కూటం.

పరీక్షలని చెప్పి తిండి మానెయ్యకు.

నీ అత్త,
సత్యవేదమ్మ.

*

విశాఖపట్నం,
14 మార్చి 1976.

ప్రియమైన అత్తకి వందనాలు.

నీ ఉత్తరంలోంచి సున్నం వాసన వచ్చింది. నిజంగానే వచ్చింది. హాస్టల్లో నా పక్కమంచం అమ్మాయికి చూపిస్తే, "కాయితం వాసనే కదే" అంది.

ఈ ఏడు నాకు మాటల పిచ్చి పట్టింది. మా తెలుగు మాస్టారు ఒక్క 'తొలకరి' అన్న మాట పట్టుకుని గంటంతా చెప్పారు. అప్పటి నుంచి ఏ మాట విన్నా దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూడాలనిపిస్తోంది. మెస్సులో వంటావిడ 'చల్దివేళ' అంటే రాసుకున్నాను. బస్సులో ఒక ముసలాయన 'మునిమాపు' అన్నాడు, అదీ రాసుకున్నాను.

సంఘం నన్ను అడగడం నాకెంత గొప్పగా ఉందో చెప్పలేను. కింద ఉన్న పేరా కూటంలో చదవడానికి రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. 'గుప్పిట' అన్న మాట దొరికాక మిగతావన్నీ దాని వెనకాలే వచ్చేశాయి.

"సంఘానికి నా మనవి. విత్తనం అబద్ధమాడదు. ఏది చల్లితే అదే మొలుస్తుంది. రెండు గంపల్లో చెయ్యి పెట్టినవాడికి చివరికి ఏ గంపా తనది కాదు. గుప్పెడు గింజలే కదా అనుకోవచ్చు. కానీ మన నమ్మకం కూడా గుప్పెడే. దాన్ని సగం పంచితే గుప్పిట్లో మిగిలేది గాలి. గంప తన గుమ్మం ముందు ఆగినప్పుడు, అడిగిన సభ్యుడు గుప్పిట మూసుకుని నిలబడాలి. అతని వెనక మనమందరం నిలబడతాం."

ఎలా ఉంది? అడిగింది ఎవరో నువ్వు రాయకపోయినా నేను పోల్చేశానులే. ఊళ్ళో అందరితోనూ మంచిగా ఉండాలనుకునే మనిషి. నాకూ ఇష్టమైన మనిషే. అయినా నియమం నియమమే కదా.

బుధు మావయ్యకి చెప్పు, కిందగోడ సగం నా కోసం ఉంచమని. జూన్‌లో వచ్చి వేస్తాను.

నీ మేనకోడలు,
కృపామణి.

*

అరకు,
30 మార్చి 1976.

చిరంజీవి కృపకి.

కూటం అయింది. నీ పేరా చదివాను. చదవడం పూర్తయ్యాక పోలయ్యగారు, "ఇంకోపాలి సదువమ్మా" అన్నారు. రెండోసారి చదివాను. రెండోసారి ఇంకా బాగా చదివాను. నా మేనకోడలు రాసిందని నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చేతులెత్తమంటే, వెయ్యకూడదన్న వైపు అందరికన్నా ముందు లేచిన చెయ్యి బుధుది. తరవాత మిగతావన్నీ లేచాయి. టీకొట్టు సోములు ఒక్కడే ఎత్తలేదు. "గుప్పెడు గింజలకి ఇంత తగువేటి? ఊరోళ్ళు నవ్వరా?" అని గొణిగాడు. పోలయ్యగారు కళ్ళెర్రజేస్తే, "సరే, నా నోరు మూసీసినాను" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఒక మాట, కృపా. పోల్చుకున్నానని రాశావు. అంత కావలసిన మనిషని తెలిసీ జంకకుండా రాశావంటే నీ గుండె గట్టిదే. నేనైతే రాయలేకపోదును. చదవడానికి లేచినప్పుడు ఆ కాయితం మడిచేద్దామా అనిపించింది. కానీ నువ్వే రాయగలిగినప్పుడు నేను చదవలేనా అనుకున్నాను.

గుడి తెల్లగా మెరిసిపోతోంది. కిందగోడ సగం అలాగే ఉంచాడు బుధు. "మచ్చ ఉండిపోతాది, పాస్టరుగారొస్తే నవ్వుతారు" అని పోలయ్యగారు అంటే, "ఉండనీండి, అది మా గుంట బాకీ" అన్నాడు.

పరీక్షలు బాగా రాయి.

నీ అత్త,
సత్యవేదమ్మ.

*

విశాఖపట్నం,
7 ఏప్రిల్ 1976.

ప్రియమైన అత్తకి.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. రెండుసార్లు చదివించారా? నా మాటలకి బుధు మావయ్య చెయ్యి ముందు లేచిందా? ఆ రోజంతా నాకు పాఠాలు తలకెక్కలేదు. రాసిన మాట కొండెక్కి వెళ్ళి, నేను లేని గదిలో నిలబడి, మనుషుల చేతులు లేపిందంటే నమ్మలేకపోతున్నాను.

పాపం, సోములు బాబాయి మొహం ఎలా పెట్టాడో! ఎగువూరువాళ్ళంతా ఆయన కొట్టుకి గిరాకీలే కదా. గింజలు వేసి వాళ్ళని మంచి చేసుకుందామనుకుని ఉంటాడు. కోపంగా ఉంటే చెప్పు, జూన్‌లో వచ్చినప్పుడు ఆయన టీ పదిసార్లు తాగి తీరుస్తాను.

మట్టల ఆదివారానికి బుధు మావయ్య జీలుగు చెట్టెక్కుతాడు కదా. అంత ఎత్తెక్కొద్దని ఆయన ఇంటావిడ రాజులమ్మ అత్త కింద నుంచి తిట్టడం నాకిప్పుడే వినిపిస్తోంది. ఈ ఏడు ఎగువూరి పండక్కి ఆవిడ రోడ్డు మీద దుంగ అడ్డం పెట్టి బస్సులు ఆపి పాట పాడినప్పుడు, నా తరఫున ఒక పావలా వెయ్యి. కిందటేడు ఆ పాటలో నా జడ మీద కూడా ఒక చరణం కట్టింది.

రేపు చరిత్ర పేపరు. ఉంటాను.

కృప.

*

అరకు,
27 ఏప్రిల్ 1976.

కృపా,

నీ ఉత్తరం ఈస్టరు ముందే వచ్చింది. సోములు పేరు చదివి, కాసేపు నాకేమీ అర్థం కాలేదు. తరవాత అర్థమయ్యాక జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. పండగ దాటితే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

అడిగింది సోములు కాదు. సోములుకి నేలే లేదు. అడిగింది బుధు.

నీకు తెలుసనుకున్నాను. తెలిసే రాశావనుకున్నాను. నియమం ప్రకారం పేరు రాయకూడదని నేను అడగలేదు, నువ్వూ రాయలేదు.

ఈస్టరుకి అన్నీ మామూలుగానే జరిగాయి. కోడికూతకి లాంతర్లు పట్టుకుని గుట్టెక్కాం. బుధు ముందు నడిచాడు. తరవాతి గురువారం ఎగువూళ్ళో పండగ. గంప ఇంటింటికీ తిరుగుతూ అతని గుమ్మం దగ్గర ఆగింది. రాజులమ్మ చాటలో సామలు పట్టుకుని రెడీగా ఉంది. ఆవిడ మన సంఘం మనిషి కాదు, నీకు తెలుసు. కానీ వాళ్ళ పద్ధతిలో ఇంటికి ఒకే గుప్పెడు, అదీ ఇంటి మగాడి చేత్తో వెయ్యాలి. బుధు గుమ్మంలో గుప్పిట మూసుకుని నిలబడ్డాడట. నువ్వు రాసినట్టే.

"ఏటి సేత్తన్నావు? ఎయ్యి" అందిట రాజులమ్మ.

"సంగం వొద్దన్నాది."

"నాను నీ సంగమా? మరి నా కూడో?"

అతను గుప్పిట విప్పలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గంప పక్కింటికి వెళ్ళిపోయింది. అంతే. మర్నాడు ఆడవాళ్ళు రోడ్డు మీద దుంగ వేసినప్పుడు రాజులమ్మని పిలవలేదు. ఏటేటా పాట ఎత్తుకునేది ఆవిడే కదా. గుమ్మంలో కూర్చుని దూరం నుంచి వింది. ఆదివారం పొద్దున్నే విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని కొండవతల పుట్టింటికి వెళ్ళిపోయింది. గంపలో కలవని గింజలు ఇక్కడ విత్తితే మొలకలు తనని చూసి ఏడుస్తాయని చెప్పి వెళ్ళింది.

ఇంకొకటి రాయాలి. అతని వెనక మనమందరం నిలబడతాం అన్నావు. గంప వచ్చిన పూట మనవాళ్ళెవరూ ఎగువూరు వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. ఎండగా ఉందనుకున్నాను.

సత్యవేదమ్మ.

*

విశాఖపట్నం,
2 మే 1976.

అత్తా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇవాళ మాటలేవీ నా దగ్గరికి రావడం లేదు. రాకపోవడమే మంచిది.

నన్ను భుజాన ఎక్కించుకుని చాపరాయి వాగు దాటించిన మనిషి. జ్వరం వస్తే రాత్రంతా కాపలా కూర్చున్న మనిషి. ఆయనా అడిగింది? ఆయనే అడిగి, ఆయనే ముందు చెయ్యెత్తాడా? ఎందుకెత్తాడత్తా? నేను రాశాననేనా?

దీనితో సంఘానికి ఇంకో కాయితం పెట్టాను. ఇందులో పోలికలేమీ లేవు. నాకు తెలియని ఊరి గురించి, తెలియని పండగ గురించి రాశాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ ప్రశ్న మళ్ళీ పెట్టండి అని మాత్రమే రాశాను. చదివి వినిపించు. ఒక్కసారే చదువు.

కృప.

*

అరకు,
17 మే 1976.

చిరంజీవి కృపకి.

నీ కాయితం నిన్న కూటంలో చదివాను. పోలయ్యగారు ప్రశ్న మళ్ళీ పెట్టారు. ఈసారి, ఊరితో కలిసి ఉండడానికి వేసే గుప్పెడుకి సంఘం అడ్డం రాదని అందరూ చెయ్యెత్తారు. బుధు కూడా ఎత్తాడు, అందరితోపాటు. ఎత్తి దించి, మెల్లగా అడిగాడు. "మరిప్పుడు నా గుప్పెడు ఏ గంపలో ఎయ్యాలి పెద్దాయనా? ఊళ్ళో పంచీసినారు గదా."

బయటికి వచ్చాక, ఆ రోజు ముందు ఎందుకు చెయ్యెత్తావని అడిగాను. నువ్వు రాశావు కాబట్టి అడిగాను. "గుంట అంత బాగా రాసినాది. నాను ఎత్తకపోతే సిన్నబోదా అమ్మా?" అన్నాడు.

తప్పంతా నీ మీద వేసుకోకు. అడిగిందెవరో నాకు తెలుసు. రాజులమ్మ సంగతీ తెలుసు. నీ పేరా అందుకున్న రోజే, "ఇది బుధు, ఇంకోసారి ఆలోచించి రాయి" అని నీకు ఒక కార్డు ముక్క రాసి ఉండొచ్చు. నియమం అడ్డొచ్చిందని చెప్పుకుంటున్నాను కానీ, ఆ పేరా నలుగురిలో చదవాలన్న మురిపెం కూడా అడ్డొచ్చింది. రెండోసారి చదవమన్నప్పుడు నేను చాలనలేదు.

నువ్వు సోములనుకున్నావని సోములుకి చెప్పేశాను. నవ్వాడు. "నాకు గింజలెక్కడివమ్మా? గంపలో టీపొడి ఎయ్యాలా?" అన్నాడు. కోపమేమీ లేదు. ఆ రోజు ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని మాత్రం అన్నాడు.

వచ్చేవారం నా కంటి ఆపరేషను. మీ నాన్న వచ్చి భీమిలి తీసుకువెళ్తాడు. నెలన్నర కదలకూడదట. నీ పరీక్షలు అయిపోయాయి కాబట్టి నువ్వు వచ్చి ఇక్కడ ఉండు. ఆదివారం బడి చూడు, కూటం పుస్తకం రాయి. తాళం చెవి సోములు దగ్గర పెట్టి వెళ్తాను.

నీ అత్త,
సత్యవేదమ్మ.

*

అరకు,
21 జూన్ 1976.

ప్రియమైన అత్తకి.

కట్టు ఇంకా విప్పలేదని నాన్న రాశాడు. ఇది ఆయనే నీకు చదివి వినిపిస్తాడు. నాన్నా, ఏదీ దాటెయ్యకుండా చదువు.

వానలు పడ్డాయి. తొలకరి అన్న మాట మీద గంటసేపు పాఠం విన్నాను కానీ, ఇక్కడ ఆ వానలో మనుషులకి మాట్లాడుకునే తీరికే లేదు. ఎగువూరువాళ్ళు ఒకరి చేలో ఒకరు సాయం పడుతూ విత్తేస్తున్నారు. బుధు మావయ్య చేలోకి ఎవరూ రాలేదు. రావొద్దని పూజారి చెప్పలేదట. ఎవరి మట్టుకు వాళ్ళే రాలేదు.

అందుకని సంఘం నుంచి మేం వెళ్ళాం. పోలయ్యగారు, సోములు బాబాయి, ఆదివారం బడి పిల్లల తల్లులు నలుగురు, నేను. కొండవాలు మీద నిలబడడమే చేతకాలేదు మాకు. సోములు బాబాయి రెండుసార్లు జారి, "నా జన్మకి టీకొట్టే సాలు" అన్నాడు. నేను విత్తనం ఒకచోటే కుప్పగా పోసేశాను. బుధు మావయ్య మా వెనకాలే వస్తూ, మేం చల్లిన చోటల్లా మళ్ళీ చేత్తో సర్దుకుంటూ వచ్చాడు. మేం లేకపోతే ఆయన పని తొందరగా అయ్యేదని మధ్యాహ్నానికి నాకు అర్థమయింది.

మర్నాడు ఆయనతో కొండవతలకి వెళ్ళాను. ఆయన రమ్మనలేదు, నేనే వెంటపడ్డాను. రాజులమ్మ అత్త వాళ్ళ అన్నగారి పెరట్లో అంబలి కాస్తోంది. నన్ను చూసి, "సున్నం గుంటా, వొచ్చినావా?" అంది. మామూలుగానే అంది. నాకు ధైర్యం వచ్చింది.

"ఆ కాయితం రాసింది నేనే అత్తా. తప్పయింది. మీ ఇంటి సంగతని నాకు తెలీదు."

"తెలిస్తే రాయకపోదువా?"

"రాయకపోదును."

"ఓహో. ఇంకెవులి ఇల్లయినా అయితే రాసీదానివన్నమాట."

ఆవిడ కోపంగా కూడా అనలేదు. కుండలో తెడ్డు తిప్పుతూ అంది.

ముగ్గురికీ అంబలి పోసింది. మావయ్య, "ఇల్లు కురుత్తాంది" అన్నాడు. "పడమటి మూల గడ్డి మార్సు" అంది ఆవిడ. ఇంటికి రమ్మని ఆయన అడగలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను. "ఈడ విత్తీసినాను. విత్తిన సెయ్యే కలుపు తియ్యాలి. కోతలయినాక సూద్దాం" అంది. అంతకుమించి ఆశ పెట్టలేదు, ఆశ తీసెయ్యనూ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కొండ దిగుతూ అన్నాను. "మావయ్యా, సంఘం ఇప్పుడు సరేనంది కదా. వచ్చే చైత్రంలో గంపలో వేసెయ్యి. ఏదైనా అనుమానం ఉంటే మళ్ళీ ఒకసారి కూటంలో అడుగు. ఈసారి అందరూ నీ వైపే ఉంటారు."

ఆయన కాస్త ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"నాను అడగను గుంటా."

"అంటే, వేసేస్తావా?"

"అది నాకు తెల్దు. ఎయ్యడమో మానడమో ఆ పొద్దుకి సూసుకుంతాను. అడగడం మట్టుకు అడగను."

చిన్నబుచ్చుకుని అన్న మాట కాదది. ఏ చెట్టు పెళుసో చెప్పినట్టు చెప్పాడు. తరవాత కాలు జారే చోట ఆగి, ఎప్పట్లాగే చెయ్యి అందించాడు.

నిన్న ఆదివారం. ఆయన గుడికి వచ్చాడు, గంట కొట్టాడు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాడు. నీ బదులు కార్యదర్శి కుర్చీలో నేను కూర్చున్నాను. ఆరాధన అయ్యాక పోలయ్యగారు ఎప్పట్లాగే లేచి, "సంఘాన్ని అడగవలసిందేదైనా ఎవులికైనా ఉన్నాదా?" అన్నారు. అందరం బుధు మావయ్య వైపు చూశాం. చూడకుండా ఉండలేకపోయాం. గంట తాడు ఏ మేకుకి కట్టాలో కూడా సంఘాన్ని అడిగే మనిషని నువ్వే అంటావు కదా. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. పోలయ్యగారు మామూలుకన్నా చాలాసేపు ఆగారు.

ప్రశ్నలేవీ రాలేదని పుస్తకంలో రాసి, సంతకం పెట్టాను.

నీ మేనకోడలు,
కృప.